సంత ఊళ్ల అరువు పద్దు యాప్: కొట్టువాళ్లు మళ్లీ మళ్లీ తెరవాలంటే ఏం మార్చాలి?

వంశధార_గట్టు (గుణుపురం)

అందరికీ నమస్కారం. చిన్న కొట్ల వాళ్లు అరువు రాసుకునే యాప్ ఒకటి నడుస్తోంది. కిరాణా, ఎరువులు, బట్టలు, ముగ్గురికీ ఒకటే. ముందుగా ఒడిశాలో రాయగడ, గుణుపురం, పర్లాకిమిడి వైపు తెలుగు కొట్లు. ఆండ్రాయిడ్ మాత్రమే. ఇన్‌స్టాల్ చేయించడం కష్టం కావట్లేదు. మొదటిరోజు నాలుగైదు పేర్లు ఎక్కిస్తారు, రెండో వారానికి మళ్లీ పాత పుస్తకమే. అందుకని రోజూ పొద్దున్న 9కి నోటిఫికేషన్, వరసగా తెరిస్తే పాయింట్లు, గీకితే బహుమతి వచ్చే కార్డు పెట్టాలని అనుకుంటున్నాం. రోజువారీ వాడకం పెరగాలన్నదే లక్ష్యం. ఈ దారి సరైనదేనా? కాకపోతే ఎక్కడ మొదలుపెట్టాలి?

నాగావళి_లెక్క (రాయగడ)

వంశధార గారూ, చిక్కు లక్ష్యంలోనే ఉంది. మీ ముగ్గురు కొట్టువాళ్ల పని ఒకే లయలో సాగదు. ఊరి బజారులో కిరాణా కొట్టుకు రోజూ సాయంత్రం అరువు రాతలు ఉంటాయి. సంతకు బట్టలు మోసుకెళ్లి అమ్మేవాళ్లకు వారంలో ఒక్కరోజే రాత. ఎరువుల కొట్టుకు వానాకాలం మొదట్లో రాతలు, పత్తి అమ్ముడయ్యే నెలల్లో వసూళ్లు, మధ్యలో దాదాపు ఖాళీ. ముగ్గురినీ కలిపి రోజువారీ వాడకం అని ఒకే అంకె తీస్తే సంత వ్యాపారి ప్రతివారం ఆరు రోజులు మీ యాప్ వదిలేసినట్టే కనిపిస్తాడు. అతను నిజానికి మీ మంచి వాడకందారు.

ముందు కొలతను సరిచేయండి. "వాడాడు" అంటే యాప్ తెరవడం కాదు. ఒక అరువు రాయడం, ఒక జమ వేయడం, ఒకరి బాకీ తీసి చూడడం: ఈ మూడింటిలో ఏదో ఒకటి జరిగితేనే లెక్క. నోటిఫికేషన్ మీద వేలు పడి తెరుచుకుని మూసేసింది లెక్కలోకి రాకూడదు.

తరవాత, చేరిన రోజు నుంచి ఏడేసి రోజుల విడతలు కట్టండి: 0 నుంచి 6, 7 నుంచి 13, 14 నుంచి 20, అలా. ఏ రోజు మొదలైనా ఏడు రోజుల విడతలో సోమ నుంచి ఆది దాకా ప్రతి వారమూ ఒక్కసారి వస్తుంది. కాబట్టి ఆ ఊరి సంత ఏ రోజైనా ప్రతి విడతలోనూ ఒక సంత ఉంటుంది. మర్నాడు వచ్చారా అన్న లెక్క మీకు పనికిరాదు. ఎరువుల కొట్లను విడిగా తీసి 28 రోజుల విడతలతో చూడండి.

ఒకే వారంలో చేరిన 100 మందిని ఉదాహరణకు తీసుకుందాం. తరవాతి విడతల్లో 45, 32, 29, 28, 28 మంది మిగిలారంటే గీత 28 దగ్గర నిలబడింది. ఆ 28 మంది ఎవరు, ఏ సరుకు అమ్ముతారు, మొదటి వారంలో ఏం చేశారు అన్నది వెతికితే మీ యాప్ ఎవరికి పనికొస్తోందో తెలుస్తుంది. 45, 30, 20, 13, 8 అని జారుతూనే ఉంటే యాపే ఎవరికీ సరిపోలేదని అర్థం. అప్పుడు ఎన్ని నోటిఫికేషన్లు పంపినా ఆ గీత నిలవదు.

ఇంకో జాగ్రత్త. కొండ ఊళ్ల సంతల్లో సిగ్నల్ ఉండదు. మంగళవారం రాసిన పద్దు గురువారం సర్వర్‌కు చేరుతుంది. చేరిన సమయంతో లెక్క కడితే విడతలు తప్పుతాయి. రాసిన సమయం, చేరిన సమయం రెండూ దాచండి, లెక్క రాసిన సమయంతో కట్టండి. ఫోన్ గడియారం తప్పుగా ఉన్నవాళ్లు కొందరు ఉంటారు. ఫోన్ నెట్‌కు తగిలినప్పుడల్లా సర్వర్ సమయంతో తేడా ఎంతో నమోదు చేస్తే తరవాత సరిచేయొచ్చు.

జయపురం_యుఎక్స్ (జయపురం)

కొలత వరకు నాగావళి గారితో ఏకీభవిస్తాను. కానీ బహుమతి కార్డు ఆలోచనను తేలిగ్గా కొట్టేయకూడదు. ఎప్పుడు వస్తుందో తెలియని ప్రతిఫలం ఒకే పనిని మళ్లీ మళ్లీ చేయిస్తుందని మనస్తత్వ శాస్త్రవేత్త స్కిన్నర్ ప్రయోగాల కాలం నుంచీ తెలిసిందే. యూపీఐ యాప్‌లు గీకే కార్డులతోనే జనాన్ని తిప్పుకున్నాయి కదా. స్టాన్‌ఫర్డ్‌లో బి.జె. ఫాగ్ 2009లో పెట్టిన నమూనా ప్రకారం కోరిక, తేలిక, గుర్తుచేయడం మూడూ ఒకే క్షణంలో కలిస్తేనే పని జరుగుతుంది. కార్డు కోరికను పెంచుతుంది.

తూనిక_రాళ్లు (రాయగడ)

జయపురం గారూ, యూపీఐలో ఆ కార్డు ఎందుకు పనిచేసిందో చూడండి. డబ్బు ఎలాగూ పంపాలి. నాలుగు యాప్‌లూ అదే పని ఒకేలా చేస్తాయి. అక్కడ కార్డు ఎంపికను మాత్రమే తిప్పింది, పనిని పుట్టించలేదు. పద్దు రాయడానికి కార్డు ఇస్తే ఏమవుతుందంటే, కార్డు కోసం ఉత్తుత్తి పద్దులు పడతాయి. లేని పేరు మీద 10 రూపాయల అరువు రాసి, వెంటనే జమ వేసి, కార్డు గీకుతారు. పది రోజుల్లో పుస్తకం నిండా చెత్త చేరుతుంది. అరువు పుస్తకానికి ఉన్న విలువంతా అందులోని అంకె నిజమన్న నమ్మకం. దాన్నే పాడుచేసుకుంటున్నాం. పైగా నాగావళి గారు చెప్పిన కొలత కూడా అబద్ధం చెబుతుంది.

ఫాగ్ నమూనానే తీసుకున్నా, కొట్టువాడికి కోరిక తక్కువేం లేదు. తన డబ్బు వీధిలో తిరుగుతోంది. తక్కువైంది తేలిక. సాయంత్రం ఆరు దాటాక కొట్టు ముందు నలుగురు నిలబడి ఉంటారు, ఒక చేతిలో తూకం, ఒక చేతిలో పొట్లం. పుస్తకం తీసి పేజీ తిప్పి "నూనె 150" అని రాయడానికి అయిదారు సెకన్లు. యాప్ అంతకంటే ఎక్కువ సమయం తీసుకుంటే పుస్తకమే గెలుస్తుంది. మీ పోటీ వేరే యాప్‌తో కాదు, ఆ పుస్తకంతో.

రుషికుల్య (బరంపురం)

తూనికరాళ్లు గారి మాట పట్టుకుని మొదటి వాడకం ఎలా ఉండాలో వివరంగా చెప్తాను.

తెరవగానే ఓటీపీ అడగకండి. ఫోన్ నంబరు, కొట్టు పేరు, జిల్లా, వ్యాపారం రకం అంటూ నాలుగు తెరలు దాటాక గానీ పద్దు కనబడకపోతే సగంలోనే వదిలేస్తారు. ఫోన్లోనే పేరులేని ఖాతా ఒకటి తెరవండి. భాష అడిగాక నేరుగా అంకెల మీటల తెర రావాలి. 150 నొక్కు, పేరు ఎంచుకో, "అరువు" లేదా "జమ" నొక్కు. మూడు పనులు, అంతే. సరుకు పేరు, ఫోటో, తేదీ మార్పు కింద చిన్నగా ఉండొచ్చు, తప్పనిసరి కాకూడదు.

పేరు టైపు చేయించే బదులు ఫోన్లోని కాంటాక్టు ఎంచుకునే తెరను పిలవండి. వాడకందారు ఒక్కరిని ఎంచుకుంటే ఆ ఒక్కరి వివరమే మీకు వస్తుంది, మొత్తం కాంటాక్టుల అనుమతి అక్కర్లేదు. మొదటి తెర మీదే "మీ కాంటాక్టులన్నీ చదవనివ్వాలా" అన్న ప్రశ్న వస్తే అప్పు ఇచ్చే యాప్‌లతో దెబ్బతిన్నవాళ్లు అక్కడే తీసేస్తారు.

నంబరు ఎప్పుడు అడగాలి? మూడో పద్దు పడ్డాక. "ఫోన్ పోయినా ఈ పద్దులు పోకుండా దాచమంటారా?" అని అడిగితే ఆ ప్రశ్నకు ఒక అర్థం ఉంటుంది, అప్పటికి పోగొట్టుకోడానికి అతని దగ్గర ఏదో ఉంది. ఓటీపీని ఫోన్ తనంతట తాను చదువుకోవాలంటే మొత్తం మెసేజ్‌లు చదివే అనుమతి అవసరం లేదు. గూగుల్ ఇచ్చే ఎస్సెమ్మెస్ రిట్రీవర్ అనే సౌకర్యం వాడండి. మెసేజ్ చివర మీ యాప్‌కు చెందిన 11 అక్షరాల సంకేతం ఉంటే చాలు. ఆ సంకేతం యాప్‌కు డిజిటల్ సంతకం చేసే తాళంచెవి మీద ఆధారపడుతుంది. ప్లే స్టోర్ మళ్లీ సంతకం చేస్తే మారుతుంది. పరీక్షలో పనిచేసి విడుదలయ్యాక పనిచేయకపోవడానికి మామూలుగా ఇదే కారణం.

వేగం సంగతి. పూర్తిగా మూసి ఉన్న యాప్ మొదలవడానికి 5 సెకన్లు, ఆపైన పడితే గూగుల్ కొలతల పట్టిక ఆండ్రాయిడ్ వైటల్స్ దాన్ని మితిమీరిన ఆలస్యంగా లెక్కేస్తుంది. మీకు ఆ హద్దు చాలదు. 2 లేదా 3 జీబీ ర్యామ్ ఉన్న ఫోన్లో రెండు సెకన్లలో అంకెల మీటలు రావాలి. సర్వర్ జవాబు కోసం తెర ఆగకూడదు. ముందు ఫోన్లో రాయాలి, తరవాత తీరిగ్గా పంపాలి. హోమ్ తెర మీద చిన్న విడ్జెట్ పెట్టి దాని మీద నొక్కితే నేరుగా మీటల తెరకే వెళ్లేలా చేయండి. యాప్ చిహ్నం వెతుక్కునే పని కూడా తగ్గుతుంది.

మహేంద్రతనయ (పర్లాకిమిడి)

మన జిల్లాల్లో అందరికంటే ముందు దెబ్బకొట్టేది భాష. ఎవరూ ఆ మాట ఎత్తలేదు.

ఇక్కడ తెలుగు ఇంట్లో పుట్టి ఒడియా బడిలో చదివినవాళ్లు చాలామంది. నోటితో తెలుగు, కంటితో ఒడియా. తండ్రికి తెలుగు చదవడం వచ్చు, కొడుక్కి ఒడియా లిపే వేగం. ఇద్దరూ ఒకే కొట్లో కూర్చుంటారు. మీ యాప్ జిల్లా చూసి ఒడియా పెడితే తండ్రి వదిలేస్తాడు, తెలుగు పెడితే కొడుకు వదిలేస్తాడు. అందుకని స్థలాన్ని బట్టి భాష ఊహించకండి. మొదటి తెరలో ప్రతి భాష పేరూ దాని సొంత లిపిలో చూపించి అడగండి. అమరిక రెండుగా విడగొట్టండి: చదివే లిపి ఒకటి, వినే భాష ఒకటి. "తెలుగులో వినిపించు, ఒడియాలో చూపించు" అన్నది ఇక్కడ నిజమైన అవసరం.

మాటలు వినిపించడానికి పెద్ద ఖర్చేం లేదు. ఓపస్ అనే ఆడియో రూపంలో 16 కేబీపీఎస్ చాలు. అంటే సెకనుకు 2 కిలోబైట్లు, అయిదు సెకన్ల మాట 10 కిలోబైట్లు. అరవై మాటలు కలిపినా 600 కిలోబైట్లు దాటవు. మనవైపు యాసలో చదివించండి. వార్తలు చదివే గొంతు వద్దు.

మూడోది ఖాతాదారు భాష. కొట్టువాడు తెలుగు చదువుతాడు, అరువు తీసుకున్నవాడు ఒడియా చదువుతాడు. బాకీ సందేశం కొట్టువాడి భాషలో వెళ్తే అవతలివాడికి ఏమీ అర్థం కాదు, ఫోన్ చేసి అడుగుతాడు, యాప్ వల్ల పని పెరుగుతుంది. ప్రతి ఖాతాకూ "సందేశం ఏ భాషలో" అన్న చిన్న ఎంపిక ఉండాలి.

పేరు వెతకడం: తండ్రి తెలుగులో ఎక్కించిన పేరు, కొడుకు ఒడియాలో కొడితే దొరకాలి. యూనికోడ్‌లో ఒడియా, తమిళం, తెలుగు వరసగా 128 స్థానాల చొప్పున ఉన్నాయి, అక్షరాలు చాలావరకు అదే వరసలో. ఒడియా "క" స్థానానికి 256 కలిపితే తెలుగు "క" వస్తుంది. వెతకడానికి విడిగా ఒక పట్టీ పెట్టి అన్ని పేర్లనూ ఒకే లిపిలోకి మార్చి దాచండి. కొన్నిచోట్ల నేరుగా కుదరదు. ఒడియాకు హ్రస్వ ఎ, ఒ లేవు, కాబట్టి వెతికే పట్టీలో ఎ, ఏ ఒకటే, ఒ, ఓ ఒకటే అనుకోవాలి. ఒడియాలో చుక్క పెట్టిన డ, ఢ, ఇంకో రకం య విడి స్థానాల్లో ఉంటాయి. వాటికి చేత్తో జత రాయాలి. అంకెలు కూడా అంతే. కొందరి కీబోర్డు ఒడియా అంకెలు ఇస్తుంది. మీ కోడ్ వాటిని అంకెలుగా గుర్తించకపోతే మొత్తం సున్నా అయిపోతుంది.

చివరగా, అక్షరాల వరస ఎత్తు. ఇంగ్లిష్ కోసం గీసిన మీటలో తెలుగు వత్తులు కింద తెగిపోతాయి. మీటకు స్థిరమైన ఎత్తు పెట్టకండి, కనీస ఎత్తు మాత్రమే పెట్టండి.

వంశధార_గట్టు

మహేంద్రతనయ గారూ, లిపి వేరు, వినే భాష వేరు అన్న సంగతి మా ఆలోచనలో అసలు లేదు. చాలా ఉపయోగం. ఇప్పుడు నోటిఫికేషన్ సంగతి చెప్పండి. పొద్దున్న 9 తీసేస్తే మరి ఎప్పుడు? కొన్ని ఫోన్లలో అసలు రావడం లేదు, కొన్నింటిలో పాతవి ఒకేసారి కట్టలుగా వస్తున్నాయి.

కొరాపుట్_కోడ్ (సునాబెడ)

తమ్ముడూ, కట్టలుగా రావడానికి కారణం దాదాపు ఖాయంగా గడువు పెట్టకపోవడమే. ఎఫ్‌సీఎం (గూగుల్ నోటిఫికేషన్లు చేరవేసే సేవ) ద్వారా పంపిన సందేశానికి మీరు గడువు చెప్పకపోతే నాలుగు వారాల దాకా దాచి, ఫోన్ నెట్‌లోకి రాగానే ఇస్తుంది. సంత రోజు గుర్తుచేసే సందేశం సంత అయ్యాక మూడోనాడు చేరితే దానికంటే చిరాకు లేదు. ఆ రకం సందేశానికి గడువు కొన్ని గంటలు పెట్టండి. ఒకే విషయం మీద కొత్తది వస్తే పాతది పోవాలంటే కొలాప్స్ కీ ఇవ్వండి. ఆ కీ లేని సందేశాలు ఒక ఫోనుకు 100 దాకా నిలవుంటాయి. అది దాటితే నిలవున్నవన్నీ పారేస్తుంది, మీ యాప్‌కు "పోయాయి" అన్న కబురు మాత్రం వస్తుంది. అప్పుడు సర్వర్‌తో పూర్తిగా సరిచూసుకోవాలి.

అసలు రాకపోవడానికి కారణాలు వేరు. ఆండ్రాయిడ్ 13 నుంచి నోటిఫికేషన్‌కు విడిగా అనుమతి కావాలి. మీ యాప్ పాత ఆండ్రాయిడ్ స్థాయిని లక్ష్యంగా పెట్టుకుని ఉంటే, ఛానల్ (ఒక రకం నోటిఫికేషన్ల వర్గం) తయారైన మొదటిసారే ఆ ప్రశ్న దానంతట అదే తెర మీదకు వస్తుంది. అప్పటికి మీ యాప్ ఏమిటో వాడకందారుకు తెలియదు, వద్దంటాడు. పాత స్థాయి యాప్‌కు ఒక్కసారి వద్దన్నా ఆపైన సిస్టమ్ ఆ ప్రశ్న చూపించదు. ఇక సెట్టింగ్స్‌లోకి వెళ్లి తిప్పుకోవాలి, ఎవరూ వెళ్లరు. కొత్త స్థాయికి మారి, ప్రశ్న సమయం మీరే ఎంచుకోండి. సరైన క్షణం ఇది: ఒక పద్దుకు "ఎప్పుడు ఇస్తానన్నాడు" అన్న తేదీ పెట్టగానే "ఆ రోజు గుర్తు చేయమంటారా?" అని మీ తెరలో అడగండి. అవునంటేనే సిస్టమ్ ప్రశ్న తెరవండి.

ఆ గుర్తుచేయడం సర్వర్ నుంచి పంపనక్కర్లేదు, ఫోన్లోనే పెట్టొచ్చు. సిగ్నల్ అవసరం ఉండదు. కానీ నిమిషం తప్పని అలారం కోసం పట్టుబట్టకండి. ఆండ్రాయిడ్ 14లో కొత్తగా వేసుకున్న యాప్‌లకు ఆ అనుమతి మామూలుగా మూసే ఉంటుంది. బాకీ గుర్తుచేయడానికి అరగంట అటూ ఇటూ అయినా నష్టం లేదు. వెనకాల పనులు నడిపే ఆండ్రాయిడ్ వర్క్‌మేనేజర్ చాలు. కొన్ని కంపెనీల ఫోన్లు బ్యాటరీ కోసం వెనకాల పనులను గట్టిగా ఆపేస్తాయి. వాటిలో యాప్ తెరిచిన ప్రతిసారీ మిగిలిపోయిన గుర్తులను సరిచూసి "నిన్నటివి రెండు" అని లోపలే చూపించాలి. నోటిఫికేషన్ మీద మాత్రమే ఆధారపడితే ఆ ఫోన్ల వాళ్లందరినీ పోగొట్టుకుంటారు.

ఛానళ్లు మూడే పెట్టండి: వసూలు గుర్తు, పద్దు భద్రం, కొత్త సౌకర్యాలు. ఆండ్రాయిడ్ 8 నుంచి వాడకందారు ఒక్కో ఛానల్‌ను విడిగా ఆపుకోవచ్చు. ప్రకటనను వసూలు ఛానల్లో తోస్తే ఆ ఛానలే ఆపేస్తారు, దాంతో అసలు పని ఆగిపోతుంది.

సమయం విషయానికి వస్తే, ప్రతి కొట్టుకూ దాని పద్దులే చెబుతాయి. గత నాలుగు వారాల్లో ఏ రోజున, ఏ గంటలో రాతలు పడ్డాయో ఫోన్లోనే లెక్కేసి, ఆ రద్దీకి ఒక గంట ముందు "ఈ రోజు ఇస్తామన్నవాళ్లు ముగ్గురు" అని చూపించండి. చెప్పడానికి ఎవరి పేరూ లేని రోజు ఏమీ పంపకండి.

తూనిక_రాళ్లు

చివరి వాక్యాన్ని గట్టిగా సమర్థిస్తాను. ఖాళీ నోటిఫికేషన్ ఒక్కటి వచ్చినా తరవాతి దాన్ని చదవరు.

జయపురం_యుఎక్స్

బహుమతి కార్డు గురించి తూనికరాళ్లు గారు చెప్పింది ఒప్పుకుంటున్నాను. ఇక్కడ పనిని పుట్టించడం కాదు, ఉన్న పనిని తేలిక చేయడమే దారి. అయితే ప్రతిఫలం అసలు వద్దని కాదు. బాకీ వసూలైన క్షణమే కొట్టువాడికి నిజమైన ప్రతిఫలం. జమ వేయగానే "ఈ ఖాతా తీరింది" అని పచ్చగా, పెద్దగా చూపించండి. నెలాఖరున "ఈ నెల వసూలైంది ఇంత, ఇంకా బయట ఉన్నది ఇంత" అన్న ఒక్క తెర చాలు.

ఇంకొకటి. చందా పెట్టే ఆలోచన ఉంటే 2023 నవంబరు 30న కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ ఇచ్చిన మార్గదర్శకాలు చదవండి. మోసపు డిజైన్లు 13 రకాలు అందులో ఉన్నాయి. తప్పుడు తొందర పెట్టడం, చందా నుంచి బయటికి రానివ్వకపోవడం, వద్దన్నవాణ్ణి సిగ్గుపడేలా చేయడం, పదే పదే వేధించడం వాటిలోవి. "వద్దు, నా డబ్బు పోయినా ఫర్వాలేదు" అని రాసిన మీట పెడితే అది మూడో రకం కిందికి వస్తుంది. ఆటోపేతో చందా తీసుకుంటే డబ్బు కోతకు కనీసం 24 గంటల ముందు కబురు వెళ్లాలి. ఆ కబురులోనే ఆపే దారి తేలిగ్గా ఇవ్వండి. ఆపేసినా తన పద్దులు తనకు దొరుకుతాయని తెలిసినవాడు తిరిగి వస్తాడు. తాళం వేసి పెట్టుకున్న యాప్ దగ్గరికి ఎవరూ రారు.

రుషికుల్య

తిరిగి రాకపోవడానికి ఎవరికీ కనబడని కారణాలు రెండున్నాయి, రెండూ పద్దు భద్రానికి సంబంధించినవే.

ఒకటి ఫోన్ మారడం. ఆండ్రాయిడ్ సొంత బ్యాకప్ ఉంది కదా అని వదిలేయకండి. అది యాప్‌కు 25 ఎంబీ వరకే, పైగా మొబైల్ డేటా మీద బ్యాకప్‌కు వాడకందారు ఒప్పుకోకపోతే వైఫై ఉన్నప్పుడే నడుస్తుంది. ఇక్కడ చాలా కొట్లలో వైఫై లేదు. మీరే పంపండి. ఒక పద్దు 200 బైట్లు అనుకున్నా రోజుకు 50 పద్దులంటే 10 కిలోబైట్లు. టూజీలో కూడా పోతుంది. తెర మీద "చివరిసారి భద్రపరిచింది: ఈరోజు 4:10" అని ఎప్పుడూ కనబడాలి. కొత్త ఫోన్లో నంబరు పెట్టగానే పాత పద్దులు రావాలి, ఖాళీ పుస్తకం కనబడిందంటే మళ్లీ తెరవరు.

రెండోది రెండుసార్లు పడిన పద్దు. సిగ్నల్ ఊగినప్పుడు పంపిన పద్దుకు జవాబు రాక ఫోన్ మళ్లీ పంపుతుంది, సర్వర్ రెండుగా రాసుకుంటుంది. 500 బాకీ 1,000 అవుతుంది. ఖాతాదారు కొట్లో గొడవ పడతాడు. ఆ రోజుతో సరి. ప్రతి పద్దుకూ ఫోన్లోనే ప్రత్యేక సంఖ్య ఇచ్చి, అదే సంఖ్య మళ్లీ వస్తే సర్వర్ పట్టించుకోకుండా ఉండాలి. బాకీ మొత్తాన్ని ఎప్పుడూ నేరుగా దాచకండి, మార్చకండి. పద్దులు మాత్రమే దాచి, వాటిని కూడి బాకీ చూపించండి. తండ్రి ఫోన్, కొడుకు ఫోన్ రెండూ ఒకేసారి రాసినా అప్పుడు ఘర్షణ రాదు. తప్పు రాస్తే చెరిపేయడం కాదు, ఎదురు పద్దు వేయించండి. పుస్తకంలో గీత కొట్టి పక్కన రాసినట్టే.

పలక_బలపం (బరంపురం)

పక్కదారి పట్టిస్తున్నానేమో గానీ ఇక్కడున్నవాళ్లకు ఇది తెలిసే ఉంటుంది. ఒడియా మీడియంలో చదివే తెలుగు పిల్లలకు తెలుగు చదవడం నేర్పే యాప్ ఒకటి మాది. రోజు తప్పితే సున్నాకు పడిపోయే వరస లెక్క పెట్టాలా వద్దా?

నాగావళి_లెక్క

వద్దక్కా. రజ పండక్కో, ఠాకురాణి యాత్రకో వెళ్లి రెండు రోజులు తప్పితే నెల వరస సున్నా అవుతుంది, ఆ సున్నా చూసిన పిల్ల మళ్లీ తెరవదు. వారానికి నాలుగు రోజులు అన్న లక్ష్యం పెట్టండి, ఏ నాలుగైనా సరే.

తిరిగి రావడానికి సహజమైన కారణం మరుపులోనే ఉంది. సెబాస్టియన్ లైట్నర్ పెట్టెల పద్ధతి వాడండి. సరిగ్గా చదివిన అక్షరం తరవాతి పెట్టెలోకి, తప్పింది మొదటి పెట్టెలోకి. గడువులు 1, 2, 4, 8, 16 రోజులు. "ఈ రోజు మళ్లీ చూడాల్సినవి 12" అని ఆ లెక్కే చెబుతుంది. ఇరవై దాటితే పిల్లలు జడుస్తారు, మిగతావి రేపటికి తోయండి.

మహేంద్రతనయ

పలక గారూ, ఒడియా చదివే పిల్లకు అఆల వరస కొత్త కాదు. క నుంచి హ దాకా తెలిసిన వరసే. సమయమంతా తేడాల మీద పెట్టండి. ఎక్కువగా తడబడేది ఎ-ఏ, ఒ-ఓ జతల దగ్గర. ఒడియాలో ఆ తేడా లేదు కాబట్టి ఎత్వానికీ ఏత్వానికీ, ఒత్వానికీ ఓత్వానికీ తేడా కంటికి ఆనదు. "తెలుపు, తేలు", "కొడుకు, కోడలు" లాంటి జతలు వినిపించి ఎంచుకోమనాలి. తరవాత వత్తులు. ఇంకొకటి, 2023 డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం ప్రకారం 18 ఏళ్లలోపు వాళ్ల వివరాలకు అమ్మానాన్నల ఒప్పుదల కావాలి, పిల్లల ప్రవర్తనను వెంటాడి గమనించడం, వాళ్లకు గురిపెట్టి ప్రకటనలు చూపడం కూడదు. పాఠం లెక్కలు ఫోన్లోనే ఉంచితే చాలా తలనొప్పి తప్పుతుంది.

వంశధార_గట్టు

ఇంకో రెండు ప్రశ్నలు. ఖాతాదారులకు బాకీ సందేశం ఎస్సెమ్మెస్‌లోనా, వాట్సాప్‌లోనా? ఈ మార్పుల్లో ఏది పనిచేసిందో తేల్చడానికి సగంమందికి పాతది, సగంమందికి కొత్తది ఇచ్చి చూడొచ్చా? మొత్తం మూడు వందల కొట్లు.

కొరాపుట్_కోడ్

మీ సర్వర్ నుంచి ఎస్సెమ్మెస్ పంపాలంటే డీఎల్‌టీ అనే టెలికాం నమోదు వ్యవస్థలో సంస్థ, పంపేవారి పేరు, ప్రతి భాషలో ప్రతి నమూనా, అందులోని లింకులు ముందే నమోదు చేయాలి. ఒక్క చుక్క తేడా వచ్చినా ఆగిపోతుంది. ఖర్చు కూడా చూసుకోండి. ఇంగ్లిష్‌లో ఒక ఎస్సెమ్మెస్ 160 అక్షరాలు, తెలుగులో గానీ ఒడియాలో గానీ 70. అది దాటితే ముక్కకు 67. గుణింతం, పొల్లు, వత్తు అన్నీ విడిగా లెక్కలోకి వస్తాయి. "స్త్రీ" ఒక్కటే 6 స్థానాలు. మామూలు బాకీ సందేశం రెండు ముక్కలు అవుతుంది.

దానికంటే కొట్టువాడి ఫోన్ నుంచే పంపించండి. సందేశం సిద్ధం చేసి వాట్సాప్ తెరిచి పెడితే అతను చూసి తానే పంపుతాడు. తన నంబరు నుంచి వెళ్లినదాన్ని ఖాతాదారు నమ్ముతాడు. వాట్సాప్ లేనివాళ్లకు ఫోన్ మెసేజ్ యాప్‌ను మాటలు నింపి తెరవండి. నేరుగా పంపే అనుమతి అడగకండి, ప్లే స్టోర్ దాన్ని గట్టిగా పట్టుకుంటుంది.

తూనిక_రాళ్లు

మాట మర్యాదగా ఉండాలి. "గడువు దాటింది, వెంటనే చెల్లించండి" అని పంపితే ఖాతాదారు ఆ కొట్టు గడప తొక్కడు, కొట్టువాడు యాప్ తీసేస్తాడు. "నమస్కారం అండీ, మీ ఖాతాలో 1,250 రూపాయలు ఉంది. వీలు చూసుకుని ఇవ్వగలరు" చాలు. పంపే ముందు మార్చుకోడానికి అవకాశం ఇవ్వండి. బావ అనాల్సినవాణ్ణి అండీ అనరు.

నాగావళి_లెక్క

సగం సగం పరీక్ష గురించి. ఒక్కో పక్షానికి ఎంతమంది కావాలో ఉజ్జాయింపు లెక్క: 16ను మామూలు నిష్పత్తితో, ఆ నిష్పత్తి పోను మిగిలినదానితో గుణించి, చూడాలనుకున్న తేడా వర్గంతో భాగించాలి. నాలుగో విడతలో 30 శాతం మిగులుతున్నారు, 35 చేయాలి అనుకుంటే 16 × 0.3 × 0.7 ÷ 0.0025, అంటే దాదాపు 1,350 మంది ఒక్కో పక్షానికి. మీ దగ్గర 150. ఆ తేడా ఉన్నా మీకు కనబడదు, లేకపోయినా ఉన్నట్టు కనబడొచ్చు. ఇప్పటికి వదిలేయండి. పది కొట్లలో సాయంత్రం రద్దీలో పక్కన నిలబడి చూడండి. పద్దు రాయడానికి ఎన్ని సెకన్లు, ఎక్కడ వేలు ఆగింది, ఎప్పుడు పుస్తకం తీశారు, ఈ మూడూ రాసుకోండి. అరువుకు ఎనిమిది సెకన్లు పడుతున్నది నాలుగైతే పరీక్ష లేకుండానే తెలుస్తుంది.

వంశధార_గట్టు

చివరిగా, పాత పుస్తకంలో ఉన్న బాకీలన్నీ ఎక్కించాలా? అక్కడే విసుగొచ్చి ఆపేస్తున్నారని నా అనుమానం.

తూనిక_రాళ్లు

అనుమానం నిజమే. చరిత్ర ఎక్కించకండి. పేరుకు ఒక్క పద్దు: "పాత నిలవ", తేదీ, మొత్తం. అది కూడా ఒకేసారి కూర్చోబెట్టి కాదు. ఆ ఖాతాదారు కొట్టుకు వచ్చినరోజున పుస్తకంలో పేజీ తీసి, ఇద్దరూ మొత్తం ఒప్పుకుని, పేజీ ఫోటో తీసి ఆ పద్దుకు జతచేయాలి. ఫోటోను 1,200 పిక్సెళ్ల వెడల్పుకు తగ్గించండి, చేతిరాత చదవడానికి సరిపోతుంది, డేటా తినదు. పుస్తకంలో ఆ పేజీకి అడ్డంగా గీత కొట్టి "యాప్‌లోకి" అని రాయించండి. లేదంటే సగం బాకీ ఇక్కడ, సగం అక్కడ ఉండి రెండూ పనికిరావు. వారం వారం వచ్చే ఖాతాలు నెలలో మారిపోతాయి. ఏడాదికి ఒకసారి పత్తి డబ్బుతో తీర్చేవాళ్ల పేజీలు పుస్తకంలోనే ఉండనివ్వండి, వాళ్లు వచ్చినప్పుడు చూసుకోవచ్చు.